పది మిషన్లు, ఒక్క మెయిను

చల్లపల్లి సెంటర్ నుంచి బందరు రోడ్డు పట్టినా, అవనిగడ్డ రోడ్డు పట్టినా, పామర్రు వైపు మళ్లినా రేకుల షెడ్లు తగులుతూనే ఉంటాయి. గ్రిల్సూ గేట్లూ చేసేవాళ్లు, ట్రాక్టర్ ట్రక్కులకు కొత్త ప్లేటు వేసేవాళ్లు, తలుపులూ మంచాలూ చేసే వడ్రంగులు, కాలిన మోటార్లకు వైండింగ్ కట్టేవాళ్లు. వీటిలో చాలా షెడ్లు ఒక్క మనిషివి కావు. స్థలం ఒకరిది, మీటరు ఆయన పేరునే ఉంటుంది. ముందు భాగంలో వెల్డింగ్, వెనక చెక్కపని, సీజన్‌ను బట్టి పక్కన ఓ పెయింటరు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డుకు వెళ్తే ఇదే వ్యవహారం ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. ఒకే ఛాసిస్ మీద వెల్డరు, వడ్రంగి, టింకరు, ఎలక్ట్రీషియన్, పెయింటరు ఒకరి తర్వాత ఒకరు, ఒక్కోసారి ఒకరి నెత్తిన ఒకరు పనిచేస్తుంటారు. మేస్త్రీలు వేరు, కూలి లెక్కలు వేరు. కరెంటు మాత్రం ఒక్క డబ్బాలోంచే వస్తుంది.

ఇలాంటి చోట కరెంటు జాగ్రత్తల మాట ఎత్తితే అది షాక్ దగ్గర మొదలై షాక్ దగ్గరే ఆగిపోతుంది. ఆ భయానికి కారణం ఉంది. కరెంటు తగిలి దేశంలో ఏటా పన్నెండు వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. కానీ నలుగురు పంచుకునే షెడ్డులో రెండో ప్రమాదం ఒకటుంది. ఆగి ఉన్న మిషను, చెయ్యి లోపల ఉండగా, తనంతట తానో ఇంకొకరి చేత్తోనో తిరగడం. సొంత షెడ్డులో ఒంటరిగా పనిచేసే వడ్రంగికి ఈ బాధ తక్కువ, స్విచ్చు దగ్గరికి వెళ్లేది తనొక్కడే కాబట్టి. పంచుకున్న షెడ్డులో స్విచ్చు నొక్కేవాడికి మిషను లోపల ఎవరి వేళ్లున్నాయో కనిపించదు. అందుకే షెడ్డులో పెట్టే ప్రతి స్విచ్చునూ, పెట్టెనూ, కార్డునూ నేను రెండు ప్రశ్నలతో చూస్తాను. దీన్ని ఆపడం ఎంతమందికి అందుతుంది? దీన్ని నడపడం ఎంతమందికి అందుతుంది? మొదటి దానికి జవాబు అందరికీ అని, రెండో దానికి ఆ మిషను ముందు నిలబడ్డ ఒక్కడికే అని రావాలి. మన షెడ్లలో జవాబులు చాలాచోట్ల తిరగబడి ఉంటాయి.

ఒక్కో మిషనుకు ఒక్కో మోటారు రాకముందు ఈ సమస్య రూపం వేరు. కృష్ణా డెల్టాలోని పాత రైసు మిల్లుల్లో ఒక ఆయిలింజను, గది పొడవునా సాగే ఒక షాఫ్టు, దాని మీద పుల్లీలు, పుల్లీల నుంచి కిందికి దిగే బెల్టులు. ఇంజను ఆగితే అన్నీ ఆగేవి, నడిస్తే అన్నీ నడిచేవి. ఒక్క మిషనునే ఆపాలంటే తిరుగుతున్న బెల్టును పక్కనున్న ఖాళీ పుల్లీ మీదికి నెట్టాలి. పంచె కొంగూ కండువా చెంగూ ఆ బెల్టుకు చిక్కిన రోజులవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అచ్చంగా ఆ గదిలో నిలబడి రాసినట్టుంటుంది. తిరుగుతున్న మిషను దగ్గర పనిచేసేవాడికి ఒంటికి బిగుతుగా ఉండే బట్టలివ్వాలని 22వ సెక్షన్, బెల్టును జరిపే ఏర్పాటు ఎలా ఉండాలో 24వ సెక్షన్ చెబుతాయి. ప్రతి పనిగదిలోనూ ఆపద సమయంలో శక్తిని కోసెయ్యడానికి సాధనం ఉండాలన్న మాట కూడా 24లోనే ఉంది. 1976 సవరణతో దానికింద ఇంకో ఉపసెక్షన్ చేరింది. శక్తిని ఆపే సాధనం పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌లోకి జారిపోయే అవకాశముంటే, దాన్ని ఆఫ్‌లోనే తాళం వేసి ఉంచే వీలు కల్పించాలని. చట్టంలో ఇంత చిన్న వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నా లెక్కలో మొత్తం సెక్షన్‌కు ప్రాణం అక్కడుంది. శక్తిని కోయడం గురించి చెప్పిన చట్టం, కోసిన శక్తి మళ్లీ రాకుండా చూడటం గురించి మాట్లాడింది అక్కడ.

చల్లపల్లి ప్రాంతానికి పెద్ద ఫ్యాక్టరీ కొత్త కాదు. పక్కనే లక్ష్మీపురంలో చల్లపల్లి షుగర్స్ పేరుతో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ తర్వాత కేసీపీ కంపెనీ చేతికి వెళ్లింది. చక్కెర ఫ్యాక్టరీల్లో క్రషింగ్ అయిపోయాక ఓవర్‌హాలింగ్ నెలలుంటాయి. మనుషులు మిల్లు రోలర్ల మధ్యకూ, గొలుసుల కిందకూ దూరి పనిచేసే నెలలవి. ఎక్కడి కరెంటు ఎవరు తీశారు, ఎవరు వెయ్యాలి అన్నది అక్కడ కాగితం మీద నడిచే వ్యవహారం. ఆ క్రమశిక్షణ రోడ్డు పక్క షెడ్డులోకి రాలేదు. చట్టం కూడా షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఫ్యాక్టరీల చట్టం కింద కరెంటు వాడే చోటును ఫ్యాక్టరీ అనాలంటే పదిమంది పనివాళ్లు ఉండాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను ఇరవై చేసింది. నలుగురైదుగురు పంచుకునే షెడ్డు పాత లెక్కలోనూ లేదు, కొత్త లెక్కలోనూ లేదు.

ఇది మన దగ్గరి చిత్రమే అనుకోనక్కర్లేదు. 2011 ఏప్రిల్‌లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రాత్రిపూట వర్క్‌షాప్‌లో లేతు మీద ఒంటరిగా పనిచేస్తున్న ఒక విద్యార్థిని జుట్టు చిక్కుకుని చనిపోయింది. ఆ లేతుకు సరైన గార్డులు లేవనీ, అత్యవసరంగా ఆపే బటన్ లేదనీ అక్కడి కార్మిక భద్రతా సంస్థ తేల్చింది. విశ్వవిద్యాలయం ఆ మాటతో విభేదించింది. కానీ ఆమె ఉద్యోగి కాదు, విద్యార్థిని. కాబట్టి కేసు ఆ సంస్థ పరిధిలోకి రాలేదు. ఎవరి కింద ఎవరు పనిచేస్తున్నారో తేల్చి చెప్పే చట్టాలు, ఎవరి కిందా కాకుండా పక్కపక్కన పనిచేసేవాళ్లను చూడలేవు.

ఇక అసలు విషయానికి వస్తాను. అదేమిటంటే, పోయిన కరెంటు తిరిగి రావడం.

కరెంటు పోవడం మనకు విశేషం కాదు. వానాకాలంలో లైన్ల కింద కొమ్మలు కొట్టేటప్పుడు, ఈదురుగాలికి జంపరు తెగినప్పుడు, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుఫాను వచ్చినప్పుడు పోతుంది. పోయినప్పుడు ప్రమాదం లేదు. గ్రైండరు పట్టుకున్నవాడు దాన్ని బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్తాడు. స్విచ్చు మాత్రం ఆన్‌లోనే లాక్ అయి ఉంటుంది, ఎందుకంటే ఆగిపోయిన మిషనును ఆపాలని ఎవరికీ తోచదు. పావుగంటకు కరెంటొస్తుంది. నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే డిస్కు బల్ల మీద ఒంటరిగా లేస్తుంది. వెనక చెక్కపని దగ్గర రంపం మిషన్లో ఇరుక్కున్న ముక్కను, కరెంటు లేదు కదా అని, ఓ కుర్రాడు చేత్తో పీకుతూ ఉంటాడు.

దీనికి మందు దశాబ్దాలుగా మన పొలాల్లోనే ఉంది. మోటారు స్టార్టరు. ఆకుపచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ కాంటాక్టరును లాగిపట్టుకుంటుంది, కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, తిరిగొస్తే మళ్లీ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. దీన్ని నో వోల్ట్ కాయిల్ అంటారు. ఎంత చక్కని ఏర్పాటో, దాన్ని ఓడించడానికి మనం అంత శ్రమ పడ్డాం. రాత్రి ఏ వేళకో వచ్చే వ్యవసాయ కరెంటు కోసం చేలోకి పోలేక రైతులు స్టార్టరు పక్కన ఆటో స్టార్టరు బిగించారు. కరెంటొస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది. రైతు ఇబ్బంది నిజమైనదే. ఫీడరులోని మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేచి ట్రాన్స్‌ఫార్మరు మీద పడటమూ నిజమే. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని డిస్కంలు ఊరూరా చెప్పాల్సొచ్చింది. పొలంలో ఆటో స్టార్టరు నీళ్లనూ కరెంటునూ వృథా చేస్తుంది, బావి దగ్గర ఉన్నవాడికి ప్రమాదం కూడా. షెడ్డులో అదే పద్ధతి నేరుగా వేళ్ల మీదికొస్తుంది. అయినా స్టార్టరు బటన్ మధ్యలో పుల్ల దూర్చడం, గ్రైండరు స్విచ్చుకు టేపు చుట్టడం నేను చాలాచోట్ల చూశాను. బటన్ పట్టుకునే వేలు నొప్పెడుతుందనే తప్ప దాని వెనక వేరే ఆలోచనేమీ ఉండదు.

పెద్ద మిషన్లకు, అంటే లేతు, రంపం, ప్లానరు లాంటివాటికి స్టార్టరు లేకుండా టంబ్లర్ స్విచ్చు పెట్టడానికి ఈ రోజుల్లో సాకు లేదు. చిక్కంతా చేతి మిషన్లతో. గ్రైండరుకూ, చేతి డ్రిల్లుకూ, కట్టింగ్ మిషనుకూ స్టార్టరు ఉండదు. కొన్ని కొత్త మోడళ్లలో కరెంటు తిరిగొచ్చినా లేవని ఏర్పాటు ఉంది గానీ షెడ్డులో ఉండేవి కొత్త మోడళ్లు కావు. దీనికి సులువైన ఉపాయం సాకెట్ల బోర్డుకే కాంటాక్టరు పెట్టడం. కరెంటు పోతే ఆ బోర్డు చచ్చిపోతుంది, ఎవరో వచ్చి ఆకుపచ్చ బటన్ నొక్కాలి. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఇక్కడిదాకా వస్తారు. కానీ షెడ్డు మొత్తానికి ఒకే బోర్డు, ఒకే బటన్ పెడితే ఏమవుతుంది? బటన్ నొక్కినవాడు తన డ్రిల్లు కోసం నొక్కుతాడు, స్విచ్చు లాక్ అయి ఉన్న మూడు గ్రైండర్లు మూడు బల్లల మీద లేస్తాయి. మొదటి ప్రశ్నకు సరైన జవాబిచ్చిన సాధనం రెండో ప్రశ్న దగ్గర తప్పిందన్నమాట. బల్లకో కాంటాక్టరు ఉండాలి, దాని బటన్ ఆ బల్ల దగ్గరే ఉండాలి. నొక్కేవాడి కంటికి కనిపించే మిషన్లే ఆ బటన్ కింద ఉండాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. నేనైతే మిగతా ఏది తగ్గించినా దీన్ని తగ్గించను.

ఇంకో చిన్న స్క్రూ సంగతి ఇక్కడే చెప్పాలి. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేకు మాన్యువల్, ఆటో అని రెండు స్థానాలుంటాయి. వేడెక్కి ఆగిన మోటారు, రిలే ఆటోలో ఉండి, వైరింగు కూడా బటన్ కాకుండా టంబ్లర్ స్విచ్చుతో చేసి ఉంటే, చల్లబడగానే తనంతట తాను లేస్తుంది. ఎందుకు ఆగిందో చూద్దామని ఎవరైనా లోపలికి తల పెట్టేది సరిగ్గా ఆ సమయంలోనే. దాన్ని మాన్యువల్‌లోనే ఉంచాలి. పెయింటరు కంప్రెసరు మాత్రం తనంతట తాను లేవడానికే పుట్టింది. గాలి తగ్గితే ప్రెషర్ స్విచ్చు దాన్ని లేపుతుంది. కాబట్టి దాని బెల్టుకు గార్డు లేకుండా ఒక్క రోజు కూడా ఉండకూడదు. కరెంటు తీసినా ట్యాంకులో గాలి అలాగే ఉంటుందని కూడా గుర్తుండాలి.

మనవాళ్లు భద్రత అనగానే చూపించే ఫ్యూజు, ఎంసీబీ, ఎర్తు, ఆర్‌సీసీబీ ఇంత చెప్పాక వస్తున్నాయంటే అవి చిన్నవని కాదు. ఒక్కోటి ఒక్కో పనికే పుట్టింది, అందరూ అన్నిటినీ ఒకే గాటన కడతారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మనిషిని కాపాడేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగిరాకపోతే, ఎక్కడో నేలలోకి పోతోందని పసిగట్టి క్షణంలో చిన్న వంతులో కోసేస్తుంది. ఒక చేత్తో ఫేజునూ ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకుంటే మాత్రం అదీ ఏమీ చేయలేదు. షెడ్డు మొత్తానికి ఒకటే ఆర్‌సీసీబీ పెట్టడం మన దగ్గర రివాజు. పాత మిషన్లు ఒక్కోటి కొంచెం కొంచెం లీకవుతాయి, అన్నీ కలిసి దాన్ని మాటిమాటికీ ట్రిప్ చేస్తాయి. ట్రిప్పయినప్పుడల్లా లైట్లు కూడా పోతాయి, రంపం ఇంకా తిరుగుతుండగానే చీకటి. నాలుగు రోజులు ఓర్చుకుని అయిదో రోజు దాన్ని బైపాస్ చేస్తారు. ఇందులో తప్పు ఆ పెట్టెది కాదు, విభజన లేకపోవడానిది. బల్లల వారీగా, లైట్లకు విడిగా పెట్టుకుంటే ఎవరి లీకు వాళ్లను మాత్రమే ఆపుతుంది, ఎవరి మిషను బాగుచేయించాలో కూడా తేలిపోతుంది. దాని మీద టి అని రాసి ఉన్న బటన్ అలంకారానికి కాదు. అప్పుడప్పుడూ నొక్కి చూడాలి.

ఎర్తింగ్ విషయంలో డెల్టా నేల మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. నీళ్లు పైకే ఉంటాయి కాబట్టి నల్లరేగడిలో ఎర్తు సులువుగా కుదురుతుంది. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు పెరిగి జీఐ పైపును తినేస్తుంది. దానికి తోడు ఉప్పూ బొగ్గూ పోసే పాత అలవాటు ఆ తినడాన్ని ఇంకాస్త తొందర చేస్తుంది. ఎండాకాలం రేగడి నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది. ఒకసారి వేసిన ఎర్తు ఎప్పటికీ ఉంటుందనుకోవడం ఇక్కడ చెల్లదు, కొలిపించి చూడాలి. పంచుకున్న షెడ్డులో దానికి ఇంకో శత్రువు ఉన్నాడు, వెల్డరు. వెల్డింగ్ మిషను రిటర్న్ కేబుల్‌ను పనిచేసే ముక్కకు కాకుండా దగ్గర్లో దొరికిన షెడ్డు ఇనప స్తంభానికి తగిలించి పని కానిచ్చేస్తుంటారు. అప్పుడు వందల యాంపుల కరెంటు దారి వెతుక్కుంటూ పక్కన వడ్రంగి ప్లానరు ఎర్తు వైరులోంచి కూడా తిరిగి రావచ్చు. ఆ సన్నని వైరు లోలోపల కాలిపోతుంది. ప్లానరు మామూలుగానే నడుస్తుంది, ఎర్తు లేదన్న సంగతి షాక్ కొట్టినప్పుడే తెలుస్తుంది. తన కరెంటును జాగ్రత్తగా చూసుకునే మనిషి కూడా పక్కవాడి బద్ధకానికి బలయ్యేది ఇలాగే. అందుకే ఎర్తూ రిటర్న్ కేబులూ సొంత విషయాలు కావు, షెడ్డు విషయాలు.

ఆపద్బటన్ గురించి అపోహలు చాలా. పసుపు పలక మీద ఎర్రటి పుట్టగొడుగు బటన్ గోడకు కనిపిస్తే భద్రత వచ్చేసిందనుకుంటారు. దానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 13850. అందులో నాకు నచ్చిన నియమం, నొక్కిన బటన్‌ను తిప్పి వెనక్కి లాగితే ఏ మిషనూ లేవకూడదని. అది కేవలం మళ్లీ నడపడానికి అనుమతి మాత్రమే కావాలి, నడపడం కాకూడదు. షెడ్డులో చాలాచోట్ల ఈ బటన్‌ను నేరుగా మెయిన్ కాంటాక్టరుకు కలిపి, వెనక్కి లాగగానే అన్నీ లేచేలా చేస్తారు. అది లేకపోవడమే నయం.

బటన్ ఏం కోయాలి, ఏం కోయకూడదు అన్నది ఇంకో ప్రశ్న. లైట్లు కోయకూడదు. ఫ్యాన్లూ, పొగ లాగే ఎగ్జాస్టూ కోయనక్కర్లేదు. తిరిగేవీ కోసేవీ వెల్డింగూ కోయాలి. షెడ్డు పొడుగ్గా ఉంటే రెండు భాగాలుగా చేసినా ఒక చోట బటన్ నొక్కితే ఏ భాగం ఆగుతుందో నొక్కేవాడు ఆలోచించాల్సిన అవసరం రాకూడదు. ఆలోచించే సమయం ఉంటే అది ఆపద కాదు కదా. నా మటుకు చిన్న షెడ్డులో ఏ బటన్ నొక్కినా తిరిగేవన్నీ ఆగడమే మేలు.

కరెంటు కోసినంత మాత్రాన మిషను ఆగదు. కోత మిల్లులోని పెద్ద బ్యాండ్ సా కరెంటు తీశాక కూడా చాలాసేపు తిరుగుతుంది, చప్పుడు తగ్గిపోతుంది కాబట్టి ఆగిందనిపిస్తుంది. బ్రిటన్‌లో చెక్కపని మిషన్లకు పది సెకన్లలోపు ఆగేలా బ్రేకు ఉండాలని పట్టుబడతారు. అమెరికాలో అమ్మే సా స్టాప్ రంపం వేలు తగిలిందని గుర్తించి మిల్లీసెకన్లలో ఆగుతుంది, మన షెడ్ల అందుబాటుకు అది చాలా దూరం. దగ్గర్లోనే ఉన్న ఇంకో మోసం ట్యూబులైటుది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోకు ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. మూడు దవడల చక్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంటే సెకనుకు వందసార్లు దవడ అదే చోటికి వస్తుంది. కంటికి లేతు ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. నాసిరకం ఎల్‌ఈడీలూ ఇదే పని చేస్తాయి. లైట్లను మూడు ఫేజుల మీదా పంచడం, మిషను పైన మంచి లైటు పెట్టడం దీనికి పాత మందు. ఇది కూడా మెయిన్ బోర్డు దగ్గర తేలాల్సిన పనే.

తాళం విషయానికొస్తే, పైన చెప్పిన 1976 ఉపసెక్షన్ కోరినదాన్ని అమెరికా 1989లో పెద్ద నియమావళిగా రాసుకుంది. మిషనును బాగుచేసేవాడు దాని ఐసొలేటర్‌ను ఆఫ్ చేసి తన సొంత తాళం వేస్తాడు, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు. దీన్ని విదేశీ వ్యవహారంగా చూడనక్కర్లేదు, మన లైన్‌మెన్ రోజూ చేసేది ఇదే. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌ను అడిగి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటారు. అక్కడ ఫీడరు ఆపి రిజిస్టరులో రాసుకుంటారు. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగివ్వాలి, ఒకే ఫీడరు మీద ఇద్దరు తీసుకుంటే ఇద్దరూ ఇచ్చేదాకా లైను చార్జ్ చేయకూడదు. ఈ నియమం తప్పిన చోట లైన్‌మెన్ చనిపోయారు. షెడ్డులో దీనికి సమానమైనది కేకలు. వెనక నుంచి ఒకడు "అన్నా, బ్లేడు మారుస్తున్నా, మెయిన్ వెయ్యకు" అంటాడు. ముందు వెల్డింగ్ చప్పుడులో అది సగమే వినిపిస్తుంది. మూడో వాడికి అసలు వినిపించదు, వాడొచ్చి మెయిన్ వేస్తాడు. కేక స్థానంలో ఒక తాళంకప్ప కావాలి. అది కొనలేని షెడ్డు ఏదీ లేదు. తాళానికి వీలున్న ఐసొలేటర్లు దొరుకుతాయి, ఎంసీబీకి తగిలించే క్లిప్పులూ దొరుకుతాయి. చేతి మిషనుకు ఇంకా సులువు. ప్లగ్గు పీకి, కళ్ల ముందు పెట్టుకుని, అప్పుడు డిస్కు మార్చాలి. స్విచ్చు ఆఫ్ చేస్తే చాలదు.

లైన్‌మన్ మాట వచ్చింది కాబట్టి జనరేటరు. ఛేంజోవర్ స్విచ్చు లేకుండా జనరేటరును సాకెట్‌లోకి ప్లగ్గుతో ఎక్కిస్తే కరెంటు వెనక్కి పోయి, ఎల్‌సీ తీసుకుని స్తంభం మీదున్న మనిషి చేతికి చేరుతుంది. ఆ మనిషి లెక్కలో లైను చచ్చి ఉంది. తుఫాను తర్వాత రోజుల్లో ఇది మరీ ప్రమాదం. పైగా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను ఎర్తుకు కలపకపోతే ఆర్‌సీసీబీకి మొదటి లీకు కనిపించదు. షెడ్డులో ఉన్న రక్షణ జనరేటరు నడిచినంతసేపూ ఉందని నమ్మకూడదు.

చివరగా కొత్త తరం సాధనాలు. 2023 మార్చి 2న హైదరాబాద్ రాయదుర్గంలో మొదలైన టి వర్క్స్ లాంటి ఉమ్మడి వర్క్‌షాపులు మన రాష్ట్రాలకు కొత్త రకం. మెటలూ, చెక్కా, ఎలక్ట్రానిక్సూ ఒకే చోట, ఎవరైనా వచ్చి చేసుకునేలా. ప్రపంచంలో ఇలాంటి ఫ్యాబ్ ల్యాబులు ఎంఐటీ దగ్గర మొదలైతే, అమెరికా బయట తొలివాటిలో ఒకటి 2002లో పూణె దగ్గర పాబళ్‌లోని విజ్ఞాన్ ఆశ్రమంలో వచ్చింది. ఇలాంటి చోట్ల బాగా వ్యాపించిన పద్ధతి కార్డు. శిక్షణ పొందినవాడి కార్డు పెడితేనే ఆ మిషనుకు కరెంటొస్తుంది, తీస్తే పోతుంది. రెండో ప్రశ్నకు ఇంత సూటి జవాబు మరొకటి లేదు, నడపడం నేర్చుకున్నవాడే నడుపుతాడు. ఎవరు ఎంతసేపు వాడారో లెక్క కూడా తేలుతుంది. పంచుకున్న షెడ్డులో కరెంటు బిల్లు తగాదాలకు అదొక్కటే పరిష్కారమైనా ఆశ్చర్యం లేదు.

కానీ ఈ ఉత్సాహంలో వైఫై స్మార్ట్ ప్లగ్గులతో మిషన్లు నడిపేవాళ్లను చూస్తే నాకు భయమే. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది. బల్బు కోసం తయారైన చిన్న రిలే నాలుగుసార్లకు కాంటాక్టులు అతుక్కుపోయి ఆన్‌లోనే ఉండిపోతుంది. ఫోన్లో ఆఫ్ అని చూపిస్తుంది. అంతకంటే పెద్ద దోషం, ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆన్ నొక్కితే షెడ్డులో రంపం లేవగలదు. ఈ వ్యాసంలో మొదటి నుంచీ చెబుతున్నదానికి సరిగ్గా వ్యతిరేకం అదే. ఫోనూ కార్డూ అనుమతి ఇవ్వవచ్చు, నడపడం మాత్రం మిషను ముందున్న బటన్‌తోనే జరగాలి. ఆపద్బటన్ వైరు వైఫైలోంచి గానీ ప్రోగ్రామ్‌లోంచి గానీ పోకూడదు, నేరుగా కాంటాక్టరు కాయిల్‌కు పోవాలి. స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబుల పిల్లలు ఈ రిలేలతో ఆడుకుంటూనే పెరుగుతున్నారు, సరదా మంచిదే. రేపు వాళ్లే షెడ్లకు వైరింగ్ చేస్తారు కాబట్టి ఈ తేడా అక్కడే చెప్పాలి.

లోడు గొడవ గురించి ఎక్కువ చెప్పను. వెల్డింగూ కంప్రెసరూ ప్లానరూ ఒక్కసారి లేస్తే మెయిన్ ఎగురుతుంది, ఎగిరితే కోపంలో ఎవరో పెద్ద ఫ్యూజు తీగ చుడతారు. కంప్రెసరు నడిచేటప్పుడు ప్లానరు లేవకుండా కాంటాక్టర్ల మధ్య ఇంటర్‌లాక్ పెట్టడం మంచి ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. పెయింటరు మూల దగ్గర మాత్రం బోర్డు ఉండకూడదు. థిన్నరు ఆవిరికి కాంటాక్టులో లేచే నిప్పురవ్వ చాలు.

చల్లపల్లిలో ఇలాంటి షెడ్డుకు నా చేతిలో కొద్ది డబ్బే ఉంటే వరస ఇలా పెడతాను. ముందు బల్లకో ఆర్‌సీసీబీ, బల్లకో కాంటాక్టరు. తర్వాత మెయిన్‌కు తాళం వేసే ఐసొలేటరు, గుమ్మం దగ్గరా వెనకా రెండు ఆపద్బటన్లు. లైట్లు విడిగా. కార్డూ ఫోనూ ఆఖర్న. డబ్బు ఎక్కడిదన్నదే తేలని సంగతి. మీటరు యజమానిది, వైరింగు ఆయనదో అద్దెకున్నవాళ్లదో ఎవరికీ తెలియదు. ఖాళీ చేసేటప్పుడు బోర్డు పీక్కుపోవచ్చా లేదా అన్నదాని మీద తగాదాలు జరుగుతుంటాయి. పోయేటప్పుడు వదిలేయాల్సిన బోర్డు మీద వెల్డరు ఎందుకు ఖర్చు పెడతాడు? నాలుగు గోడలూ రేకులూ ఇస్తే చాలనుకునే యజమాని ఎందుకు పెడతాడు? నేను చూసిన అద్దె కాగితాల్లో కరెంటు బిల్లు ఎవరు ఎంత వంతున కట్టాలో పైసలతో సహా రాసుకున్నారు. మెయిన్ బోర్డు ఎవరిది, ఎవరు బాగుచేయించాలి, దాని తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్నది ఒక్క దాంట్లోనూ లేదు.